ఇంట పెట్టిన పేరు... కొండపై వెలసిన పేరు

మీ ఇంట బారసాల జరిగినప్పుడు గమనించే ఉంటారు. పళ్ళెంలో బియ్యం పోసి, తండ్రి చేత బంగారు ఉంగరంతో శిశువు పేరు వ్రాయిస్తారు పురోహితులు. పుట్టిన మాసాన్ని బట్టి ఒక పేరు, నక్షత్రాన్ని బట్టి ఒక పేరు, లోకంలో పిలుచుకోవడానికి మరొక పేరు. ఒక్క పూటలోనే ఆ పసిబిడ్డకు మూడు నామధేయాలు సంక్రమిస్తాయి. అంతటితో ఆగుతుందా? తాతగారి పేరు పెట్టుకున్న పాపానికి, మామగారి పేరు నోట పలకకూడదని కోడలు, పెనిమిటి పేరు పలకరాదని బామ్మ, ఆ బిడ్డను చిన్నబ్బాయి అనో, బుజ్జి అనో పిలుస్తారు. బడిలో వేసే రోజున పట్టికలోకి ఎక్కిన పేరు ఇంకొకటి. ఒడుగు నాడు ప్రవర చెప్పుకుంటే చివర శర్మ చేరుతుంది. ఇన్ని పేర్ల నడుమ పెరిగే బిడ్డ వీటిలో ఏది తానని అనుకోవాలి?

మనలో చాలామందికి ఈ ప్రశ్న తట్టదు. తట్టినా ఒక నవ్వు నవ్వి ఊరుకుంటాం. కానీ ఈ ప్రశ్ననే తన బ్రతుకంతా చేసుకున్న మహాత్ముడొకరు మనకు ఎంతో దూరంలో లేని అరుణగిరి మీద యాభై నాలుగేళ్ళు నివసించారు. ఆయనకు మారినన్ని పేర్లు, అన్నింటిలోనూ ఆయన ఉదాసీనత, చివరికి ఒక తెలుగు పండితుని నోట వెలువడి నిలిచిపోయిన నామం, ఇవన్నీ భక్తితో తెలుసుకోదగినవి. భగవాన్ శ్రీ రమణ మహర్షి చరిత్రను మీరు ఇదివరకు చదివి ఉండవచ్చు. ఈ ఆదివారం ఆయన పేర్ల వెంట నడుస్తూ మరొక్కసారి చదవండి.

పాండ్యదేశంలో తిరుచ్చుళి అనే పుణ్యక్షేత్రం ఉంది. నేటి తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలోనిది. భూమినాథేశ్వరుడు అక్కడి స్వామి. సుందరమూర్తి నాయనారు పాడిన స్థలం. ఆ ఊళ్ళో సుందరం అయ్యర్ అనే ప్లీడరు, ఆయన ఇల్లాలు అళగమ్మ ఉండేవారు. అన్నం పెట్టే ఇల్లని ఆ ఇంటికి పేరు. 1879 డిసెంబరు 30వ తేదీన, ఆరుద్రా దర్శనం నాటి అర్ధరాత్రి దాటాక, పునర్వసు నక్షత్రంలో వారికి రెండవ కుమారుడు జన్మించాడు. నటరాజస్వామి ఊరేగింపు ముగించుకొని ఆలయంలోకి తిరిగి వస్తున్న వేళ అని భక్తులు చెప్పుకుంటారు. శివుని పండుగనాడు పుట్టిన ఆ బిడ్డకు పెట్టిన పేరు మాత్రం మన ఏడుకొండలవానిది, వేంకటేశ్వరన్.

ఆ ఇంటిని గురించి ఒక కథనం ఉంది. పూర్వం ఎప్పుడో ఒక సన్యాసి ఆ వంశం వారి వాకిట భిక్షకు నిలిస్తే ఆదరణ దొరకలేదట. తరానికి ఒకరు మీ ఇంట సన్యాసులై భిక్షమెత్తుదురు గాక అని ఆయన పలికి వెళ్ళిపోయాడట. శాపమో వరమో చెప్పలేం గానీ, సుందరం అయ్యర్ పినతండ్రి కాషాయం కట్టారు. సుందరం అయ్యర్ అన్నగారు ఒకనాడు ఊరు విడిచి మళ్ళీ కనిపించలేదు. ఆయన పేరు వేంకటేశయ్యర్ అని చరిత్రకారులు వ్రాశారు. వెళ్ళిపోయిన పెదతండ్రి పేరు, కొత్తగా పుట్టిన బిడ్డ పేరు దాదాపు ఒకటే కావడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా చదివినప్పుడల్లా మనసు ఒక్క క్షణం అక్కడ ఆగుతుంది.

బడిలో చేర్చినప్పుడు వేంకటేశ్వరన్ కాస్తా వేంకటరామన్‌గా నమోదయ్యాడు. మొదటి మార్పు అది. ఇందులో విశేషమేమీ లేదు, మన పిల్లలకూ జరిగేదే. ఈశ్వర శబ్దం పోయి రామ శబ్దం వచ్చింది. ఇంట్లో వారెవ్వరూ దానిని పట్టించుకున్నట్టు కనబడదు. లోకానికి ఆ బాలుడు ఇక వేంకటరామన్.

తోటి పిల్లలు మరొక పేరు పెట్టారు. బంతాట ఆడినా, ఈత కొట్టినా, కుస్తీ పట్టినా ఆ పిల్లవాడు ఉన్న పక్షానిదే గెలుపు. అందుచేత తంగక్కై అన్నారు. బంగారు చేయి అని అర్థం. ఇంట్లో ఆడవారు అప్పడాలు ఒత్తేటప్పుడూ, పిండివంటలు మొదలుపెట్టేటప్పుడూ ముందుగా అతనిచేత తాకించేవారట. ఇది ముద్దుపేరే. కానీ చిన్ననాడు స్నేహితులు పెట్టిన పేరులో ఒక్కొక్కసారి జాతకచక్రం చెప్పని సంగతి ఉంటుంది. బంగారుచేయి వాడికి చదువు మీద పెద్ద ధ్యాస లేదు. నిద్ర మాత్రం కుంభకర్ణునిది. మేల్కొని ఉన్నప్పుడు అతని జోలికి రాలేని పిల్లలు, నిద్రలో ఉన్నప్పుడు ఎత్తుకుపోయి, కొట్టి, తిరిగి తెచ్చి పడుకోబెట్టినా తెలిసేది కాదట. వినడానికి నవ్వు వస్తుంది. ఆ గాఢనిద్రలో ఏ పేరు పెట్టి పిలిచినా పలకనివాడు, కొన్నేళ్ళకు పట్టపగలు కళ్ళు తెరిచి కూర్చొని కూడా పలకని స్థితికి చేరాడు.

1892లో తండ్రి పరమపదించారు. బాలునికి అప్పటికి పన్నెండేళ్ళు. కుటుంబం రెండుగా చీలింది. వేంకటరామన్, అన్న నాగస్వామి మధురలో పినతండ్రి సుబ్బయ్యర్ ఇంటికి చేరారు. తల్లి చిన్నపిల్లలతో మానామధురలో మరొక పినతండ్రి నెల్లియప్ప అయ్యర్ వద్ద ఉన్నారు. మధురలో మొదట స్కాట్ మిడిల్ స్కూలు, తరువాత అమెరికన్ మిషన్ హైస్కూలు.

అతని జీవితంలో అన్నిటికంటే ముందు పనిచేసినది కూడా ఒక నామమే, అది తన నామం కాదు. 1895 నవంబరులో బంధువులలో ఒక వృద్ధుడు మధుర వచ్చాడు. ఎక్కడినుంచి వస్తున్నారని బాలుడు అడిగాడు. అరుణాచలం నుంచి అని ఆయన చెప్పాడు. పసితనం నుంచి ఆ శబ్దం గుండెలో ఏదో తెలియని మహత్తుగా మ్రోగుతూ ఉండేది గానీ, అది భూమి మీద ఉన్న ఒక ఊరని, అక్కడికి మనుషులు వెళ్ళి రావచ్చునని అతనికి తెలియదు. తిరువణ్ణామలై అంటే అరుణాచలమేనని ఆ పెద్దాయన విడమరచి చెప్పాడు. ఊరి పేరు రెండైనా ఊరు ఒక్కటే! ఆ తరువాత ఇంట్లో పెరియ పురాణం చేతికి అందింది. అరవై మూడుగురు నాయనార్ల చరిత్రలు చదివి బాలుడు ఆశ్చర్యంలో మునిగిపోయాడు.

1896 జులై నడుమ ఒకనాడు, పినతండ్రి ఇంటి మేడగదిలో ఒంటరిగా కూర్చొని ఉండగా, ఏ వ్యాధీ లేకుండానే చనిపోతున్నానన్న భయం ఉప్పెనలా వచ్చింది. ఎవరినీ కేక వేయలేదు, వైద్యుని కోసం పరుగెత్తలేదు. నేలమీద శవంలా చాచుకొని పడుకున్నాడు. నేను అనే మాట కాదు కదా, ఏ శబ్దమూ బయటికి రాకుండా పెదవులు బిగించాడు. ఈ దేహం పోయింది, దీనిని కాటికి మోసుకుపోయి బూడిద చేస్తారు, అంతమాత్రాన నేను పోయానా అని లోపలికి చూసుకున్నాడు. దేహం జడంగా పడి ఉన్నా దానికి వేరుగా, స్వయంగా వెలుగుతున్న ఎరుక ఒకటి తెలిసివచ్చింది. ఆ భయం అంతటితో పోయింది, మళ్ళీ ఎన్నడూ రాలేదు. పదహారేళ్ళ బాలుడు. గురువు లేడు, వేదాంత గ్రంథం పట్టి ఎరుగడు. మనం పేరు పెట్టేది దేహానికే కదా. ఆ పేరుగల దేహం నేను కాదని నిశ్చయమైన తరువాత, బడి పట్టికలోని వేంకటరామన్ ఎవరికి చెందుతాడు?

చీటీ చివర గీత

ఆరు వారాలు గడిచాయి. చదువు సాగడం లేదు. వేళ దొరికితే మీనాక్షి సుందరేశ్వరుల గుడి. ఆగస్టు 29, శనివారం. ఆంగ్ల వ్యాకరణ పాఠం సరిగా చదవనందుకు ఉపాధ్యాయుడు మూడుసార్లు ఎత్తివ్రాయమని శిక్ష వేశారు. రెండుసార్లు వ్రాసి, మూడవసారికి పుస్తకం పక్కన పెట్టి కళ్ళు మూసుకున్నాడు. అది చూసిన అన్నగారు, ఇలాంటి వాడికి ఈ చదువులూ ఈ సంసారమూ దేనికని ఎత్తిపొడిచారు. అన్నగారి ఉద్దేశం మందలించడమే. తమ్ముడికి అది ఉపదేశంగా వినబడింది.

బడిలో విద్యుత్తు పాఠం ప్రత్యేకంగా ఉందని చెప్పి లేచాడు. అయితే పెట్టెలోంచి అయిదు రూపాయలు తీసుకొని, దారిలో తన కాలేజీ జీతం కట్టి రమ్మని అన్నగారే చెప్పారు. పినతల్లి అన్నం పెట్టి డబ్బు ఇచ్చింది. బాలుడు ప్రయాణానికి మూడు రూపాయలు చాలునని లెక్క వేసుకొని, మిగిలిన రెండింటినీ ఒక చీటీతో పాటు ఉంచి బయలుదేరాడు.

ఆ చీటీని గురించి మీరు నిదానంగా ఆలోచించాలి. తమిళంలో వ్రాసిన నాలుగు వాక్యాలు. తన తండ్రిని వెదుకుతూ, ఆయన ఆజ్ఞ ప్రకారమే బయలుదేరినట్టు మొదటి వాక్యం. అక్కడ కర్త, నేను. తరువాతి వాక్యానికి ఆ నేను మాయమై ఇది వచ్చింది. ఇది మంచి పనికే పూనుకొన్నదనీ, దీనికోసం ఎవరూ దుఃఖపడవద్దనీ, దీనిని వెదకడానికి డబ్బు ఖర్చు పెట్టవద్దనీ వ్రాశాడు. నేను అని మొదలుపెట్టినవాడు ఒక్క వాక్యం దాటేసరికి తనను తాను ఒక వస్తువుగా చూశాడు. ఆపైన అన్నగారి కాలేజీ జీతం ఇంకా కట్టలేదనీ, రెండు రూపాయలు ఇందులో ఉన్నాయనీ లౌకికమైన లెక్క ఒప్పజెప్పాడు. వైరాగ్యం ఎంతటిదైనా ఇతరుల డబ్బు దగ్గర పొరపాటు రానీయని ఆ నిజాయితీ గమనించదగినది. చివర, మనం ఉత్తరాలలో ఇట్లు అని వ్రాసి సంతకం చేస్తాం చూడండి, అక్కడ ఇట్లు అని వ్రాసి ఊరుకున్నాడు. పేరు ఉండవలసిన చోట ఒక గీత మాత్రమే ఉంది.

పదహారేళ్ళ పిల్లవాడు ఇంటినుంచి వెళ్ళిపోతూ వ్రాసిన చీటీ అది. చదివిన పినతల్లి, అన్నగారు, కబురు అందుకున్న కన్నతల్లి ఎంత తల్లడిల్లి ఉంటారో మన ఇంటి పిల్లలను తలచుకుంటే తెలుస్తుంది. భర్త పోయి నాలుగేళ్ళు. ఇప్పుడు కొడుకు. చీటీలో ఊరి పేరు కూడా లేదు, ఎక్కడని వెదకాలి?

బాలుని దగ్గర ఉన్న పాత అట్లాసులో తిండివనం వరకే రైలు దారి కనబడింది. రెండు రూపాయల పదమూడు అణాలు పెట్టి అక్కడికి టిక్కెట్టు కొన్నాడు. బండిలో ఒక మౌల్వీ, విళుప్పురంలో దిగి బండి మారితే తిరువణ్ణామలై చేరవచ్చునని చెప్పారు. అక్కడినుంచి కొంత రైలు, కొంత నడక. అరైయణినల్లూరు గుడిలో ఒక జ్యోతి కనిపించిందంటారు. కీళూరులో ముత్తుకృష్ణ భాగవతార్ అనే గృహస్థు ఇంట గోకులాష్టమి నాడు భోజనం దొరికింది. చెవిపోగులు కుదువబెట్టి నాలుగు రూపాయలు తీసుకున్నాడు. సెప్టెంబరు 1వ తేదీ ఉదయం అరుణాచలేశ్వరుని గర్భగుడి ముందు నిలిచాడు. తలుపులన్నీ తెరిచి ఉన్నాయి, లోపల మానవమాత్రుడు లేడు. తండ్రి ఆజ్ఞ ప్రకారం వచ్చానని విన్నవించుకున్నాడు.

బయటికి వచ్చి తల గొరిగించుకున్నాడు. అయ్యన్‌కుళం మెట్ల మీద మిగిలిన డబ్బును, భాగవతార్ ఇల్లాలు ఇచ్చిన మిఠాయి పొట్లాన్ని పారవేశాడు. పంచె చింపి కౌపీనం కట్టుకున్నాడు. యజ్ఞోపవీతం తీసివేశాడు. క్షౌరం తరువాతి స్నానం కూడా ఈ దేహానికి దేనికని వెనుదిరిగితే, గుడి చేరేలోపు వాన కురిసి స్నానం చేయించింది. అప్పటినుంచి మాట లేదు. మౌనంగా కూర్చున్నవాడికి పేరు అడిగేవారెవరు, చెప్పేవారెవరు?

పేరు లేకపోతే లోకం ఊరుకోదు. ఆ రోజులలో తిరువణ్ణామలైలో శేషాద్రిస్వామి అనే అవధూత ఉండేవారు. వేయికాళ్ళ మండపంలో, ఆపైన పాతాళలింగం గుహలో పురుగులు తొలుస్తున్నా ఒళ్ళు తెలియక కూర్చున్న ఈ బాలయోగిని అల్లరిపిల్లల రాళ్ళనుంచి కాపాడినది ఆయనే. అందుచేత కొందరు ఇతనిని చిన్న శేషాద్రి అన్నారు. ఎక్కువమంది బ్రాహ్మణస్వామి అన్నారు. కులం తెలిసింది గానీ పేరు తెలియలేదు కాబట్టి ఆ పిలుపు. తీసివేసిన జంధ్యం, పిలుపులో మాత్రం ఇంకా వేలాడుతూనే ఉంది!

1897లో గురుమూర్తం అనే చోట ఉన్నప్పుడు తాలూకా కచేరీ హెడ్ అకౌంటెంటు వేంకటరామయ్యర్ రోజూ దర్శనానికి వచ్చేవాడు. స్వామి పేరు, ఊరు తెలుసుకోవాలని ఆయనకు పట్టుదల. ఎంత అడిగినా మౌనం. చెప్పేదాకా కదలననీ, కచేరీకి పోననీ, అన్నం ముట్టననీ భీష్మించుకు కూర్చున్నాడు. ఆ మొండి భక్తునిపై జాలి కలిగిందేమో, స్వామి కాగితం అందుకొని ఇంగ్లీషు అక్షరాలలో వేంకటరామన్, తిరుచ్చుళి అని వ్రాశారు. ఈ మౌనికి ఇంగ్లీషు వచ్చునా అని చుట్టూ ఉన్నవారు విస్తుపోయారు. ఊరిపేరు చివరి అక్షరం ఆ లిపిలో వారికి సరిగా అర్థం కాలేదు. అప్పుడు దగ్గరలో ఉన్న పెరియ పురాణం తెరిచి, సుందరమూర్తి నాయనారు పాడిన క్షేత్రం ఇదే అని చూపించారట. అడిగినవాడి పేరు కూడా వేంకటరామనే అన్నది మీరు గమనించారా?

ఒక పేరు, ఒక ఊరు. ఆ రెండు మాటలు చాలాయి. అణ్ణామలై తంబిరాన్ అనే శైవ సాధువు మధురలో తిరుచ్చుళి వేంకటరామన్ తపస్సును పొగుడుతూ ఉండగా ఆ ఊరి యువకుడొకడు విన్నాడు. కబురు బంధువులకు చేరింది. 1898లో నెల్లియప్ప అయ్యర్ వచ్చి బ్రతిమాలి వెనుదిరిగారు. ఆ డిసెంబరులో అళగమ్మ పెద్దకొడుకును వెంటబెట్టుకొని స్వయంగా వచ్చింది. పవళక్కున్రు అనే చిన్నకొండ మీద, జడలు కట్టిన జుట్టు, పెరిగిన గోళ్ళు, ఒంటినిండా మట్టితో ఒక బండమీద పడుకొని ఉన్నాడు. ఏ తల్లికైనా పేరుతో పనేముంది? చూడగానే గుర్తుపట్టింది. ఇంటికి రమ్మంది. రోజూ తినుబండారాలు తెచ్చింది, కోపగించింది, కన్నీరు పెట్టుకుంది. స్వామి పలకలేదు. ఒకరోజు ఆమె దుఃఖం చూడలేక లేచి వెళ్ళిపోయారు.

అక్కడివారిలో పచ్చయ్యప్ప పిళ్ళై అనే ఆయన, కన్నతల్లి ఇంతగా విలపిస్తుంటే అవుననో కాదనో చెప్పరాదా, మౌనం విడవకపోయినా వ్రాసి ఇవ్వరాదా అని వేడుకున్నాడు. స్వామి కాగితం తీసుకొని వ్రాశారు. వారివారి ప్రారబ్ధాన్ని అనుసరించి ఆడించే కర్త ఒకడున్నాడనీ, జరగరానిది ఎంత ప్రయత్నించినా జరగదనీ, జరగవలసినది ఎంత అడ్డుకున్నా ఆగదనీ, కాబట్టి మౌనంగా ఉండడమే ఉత్తమమనీ దాని సారాంశం. అమ్మా అన్న సంబోధన ఆ మాటలలో లేదు. కొడుకు అన్న మాటా లేదు. ఆమె కళ్ళు తుడుచుకొని మానామధుర తిరిగి వెళ్ళింది. ఇది క్రూరత్వమని అనిపించే పాఠకులు ఉంటారు. అనిపించడం తప్పు కాదు. ఆ తల్లి కథ అక్కడ ముగియలేదు, కాస్త ఓపిక పట్టండి.

నాయన పెట్టిన నామం

1899లో స్వామి కొండమీది విరూపాక్ష గుహకు చేరారు. ఇక్కడ మన తెలుగునేలకు చెందిన మహానుభావుని ప్రవేశం. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గరి కలువరాయి గ్రామంలో 1878లో జన్మించిన అయ్యల సోమయాజుల గణపతిశాస్త్రి. ఆయన పేరుకూ ఒక కథ ఉంది. తండ్రి నరసింహశాస్త్రిగారు కాశీలో డుంఠి గణపతి సన్నిధిలో ఉండగా, విగ్రహం నుంచి ఒక శిశువు వెలువడి తనలో ప్రవేశించినట్టు దర్శనమైందట. అదే సమయాన ఇక్కడ కొడుకు పుట్టాడని తెలిసి గణపతి అని పేరు పెట్టారు. 1900లో నవద్వీప పండిత సభలో ఆశుకవిత్వంతో కావ్యకంఠ బిరుదు పొంది, కావ్యకంఠ గణపతిముని అయ్యారు. శిష్యులు ఆయనను నాయన అని పిలిచేవారు. తమిళదేశంలో, అరుణగిరి మీద, మహర్షితో సహా అందరి నోటా ఆ అచ్చతెలుగు పిలుపే నిలిచింది.

కోట్ల జపాలు చేసి, శాస్త్రాలన్నీ చదివి కూడా తపస్సు అంటే ఏమిటో అనుభవానికి రాలేదన్న వేదన ఆ పండితునిది. 1907 నవంబరు 18వ తేదీ, కార్తికోత్సవాల వేళ, మిట్టమధ్యాహ్నం ఎండలో కొండ ఎక్కి బ్రాహ్మణస్వామి పాదాలు పట్టుకున్నారు. స్వామి దాదాపు పావుగంట మౌనంగా చూశారు. తరువాత, అరుదుగా మాట్లాడే ఆయన, నోరు విప్పారు. నేను అనేది ఎక్కడినుంచి పుడుతున్నదో చూస్తే మనసు అక్కడే లీనమవుతుందనీ, అదే తపస్సనీ చెప్పారు. మంత్రం జపించేటప్పుడు ఆ నాదం ఎక్కడ పుడుతున్నదో గమనించినా అదేనన్నారు.

కావ్యకంఠుల హృదయం నిండిపోయింది. పరిచారకుడు పళనిస్వామిని పిలిచి, ఈ స్వామి అసలు పేరేమిటని అడిగారు. వేంకటరామయ్యర్ అని తెలిసింది. వెంటనే అయిదు శ్లోకాలు అల్లి, అందులో రమణ అని కీర్తించారు. తనకు ఉపదేశించినవారు సామాన్యులు కారనీ, ఇకమీదట అందరూ భగవాన్ రమణ మహర్షి అని పిలవాలనీ తన వారందరికీ తెలియజేశారు.

వేంకటరామన్ నుంచి రమణ ఎలా వచ్చిందో తెలుగువారికి విప్పి చెప్పనక్కరలేదు. మన ఇళ్ళలో ఆ పేరు వేంకటరమణ అయి కూర్చుంటుంది. తెలుగు చెవితో విన్న కవి వేంకటాన్ని విడిచి రమణ శబ్దాన్ని పట్టుకున్నారని నాకు తోస్తుంది. ఆనందింపజేసేవాడు, రమింపజేసేవాడు అని దాని అర్థం. వయస్సులో శిష్యుడు గురువుకంటే ఒక సంవత్సరం పెద్ద. సాధారణంగా గురువు శిష్యునికి దీక్షానామం ఇస్తాడు, ఇక్కడ శిష్యుడు గురువుకు నామం సమర్పించాడు. ఆయన దృష్టిలో రమణుడు సాక్షాత్తు స్కందుడు. గణపతి తమ్మునికి పేరు పెట్టినట్టయింది!

మహర్షి దీనిని వద్దనలేదు, కావాలనీ అనలేదు. దీక్షానామం పుచ్చుకోమని అడిగినవారూ లేకపోలేదు. శృంగేరి పీఠానికి చెందిన ఒక శాస్త్రిగారు కాషాయవస్త్రం వగైరా సామగ్రితో వచ్చి, విధ్యుక్తంగా సన్యాసం స్వీకరించమని, కనీసం కాషాయ కౌపీనమైనా ధరించమని ప్రార్థించారు. ఆలోచించి చెప్పమని ఆయన స్నానానికి వెళ్ళిన సమయంలో మరొక వృద్ధ బ్రాహ్మణుడు పుస్తకాల మూటతో వచ్చి, దానిని అక్కడ పెట్టి వెళ్ళాడట. మహర్షి అందులోని అరుణాచల మాహాత్మ్యం తెరవగా, ఈ గిరికి మూడు యోజనాల లోపల నివసించేవారికి దీక్షాదులు లేకుండానే ముక్తి కలుగుతుందన్న శ్లోకం కంటబడింది. దానిని వ్రాసి చూపించారు. శాస్త్రిగారు మారు పలకలేదు. 1936లో ఒక వ్యాజ్యం సందర్భంగా ఏ ఆశ్రమానికి చెందినవారని అడిగినప్పుడు కూడా, నాలుగింటికీ అతీతమైన అతియాశ్రమమని సమాధానం ఇచ్చారు.

ఇక తల్లి సంగతి. 1916లో అళగమ్మ కొడుకు దగ్గరే ఉండిపోవడానికి కొండకు వచ్చింది. అప్పటికి పెద్దకొడుకు నాగస్వామి లేడు. ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన తల్లి, కొడుకు ఉన్న చోటే ఇల్లుగా చేసుకుంది. స్కందాశ్రమంలో పొయ్యి వెలిగింది, వంట మొదలైంది. చిన్నకొడుకు నాగసుందరం కూడా వెంట వచ్చి సన్యసించి నిరంజనానంద స్వామి అయ్యారు. అందరూ చిన్నస్వామి అన్నారు. ఒకే తల్లి బిడ్డలలో ఒకరు విధిపూర్వకంగా పేరు మార్చుకున్నారు, మరొకరికి అడగకుండానే పేర్లు మారుతూ వచ్చాయి.

1922 మే 19న ఆమె అవసానకాలం వచ్చింది. ఉదయం నుంచి రాత్రి వరకు మహర్షి తల్లి పక్కనే కూర్చొని, ఒక చేయి ఆమె హృదయం మీద, మరొకటి శిరస్సు మీద ఉంచారు. పవళక్కున్రు మీద ఒక్క మాటైనా పలకని కొడుకు, ప్రాణం అణగే క్షణం దాకా చేయి తీయలేదు. ఆమెకు ముక్తి లభించిందని భక్తులు దహనం చేయక సమాధి చేశారు. ఆ సమాధిపై ప్రతిష్ఠించిన లింగానికి మాతృభూతేశ్వరుడని పేరు. తిరుచిరాపల్లి కొండమీద, పురుడు పోయడానికి తల్లి రూపంలో వచ్చిన శివుడు తాయుమానవర్‌కు ఉన్న సంస్కృత నామమే ఇది. బిడ్డకు ఈశ్వరుని పేరు పెట్టుకున్న అళగమ్మ తానే ఈశ్వరుని పేరైంది. మహర్షి కొండ దిగి అక్కడికే వచ్చి ఉండిపోయారు. నేటి శ్రీరమణాశ్రమం ఆ సమాధి చుట్టూ పెరిగినదే. మాతృభూతేశ్వరాలయానికి 1949 మార్చిలో కుంభాభిషేకం జరిగింది.

మన భాషకు ఆ ఆశ్రమంతో ఉన్న అనుబంధం చాలా పెద్దది. మహర్షి తెలుగు నేర్చి, ఉపదేశసారాన్ని తమిళంతో పాటు తెలుగు, సంస్కృత, మలయాళాలలో తామే రచించారు. ఆయన జీవితచరిత్ర శ్రీ రమణ లీలను తెలుగులో వ్రాసిన కృష్ణభిక్షువు కూడా ఇంటి పేరూ ఒంటి పేరూ పక్కనపెట్టి ఆ నామాన్ని ధరించినవారే. 1945 నుంచి సూరి నాగమ్మగారు అన్నగారికి వ్రాసిన శ్రీ రమణాశ్రమ లేఖలు తెలుగు ఇళ్ళలో పారాయణ గ్రంథమైనాయి. సంతకం చేయమని అడిగినవారితో మహర్షి ఏ పేరు వ్రాయాలని నవ్వేవారట. తలా ఒక పేరు పెట్టి పిలుస్తుంటే, అందులో తనదేదని అడిగేవారట. 1938లో ఆశ్రమ నిర్వహణకు సంబంధించిన వీలునామా సిద్ధమైనప్పుడు, సంతకం చేయవలసిన చోట ఆయన ఒక గీత గీశారు. నలభై రెండేళ్ళ క్రితం మధురలో వదిలిన చీటీ చివర ఉన్నట్టే.

1950 ఏప్రిల్ 14, రాత్రి 8 గంటల 47 నిమిషాలకు మహర్షి దేహం విడిచారు. బయట భక్తులు ఆయనే రచించిన అక్షరమణమాలను గానం చేస్తున్నారు. నూట ఎనిమిది చరణాలూ అరుణాచల నామాన్నే జపించే స్తోత్రమది. ఆ క్షణాన ఒక తేజస్సు ఆకాశంలో మెల్లగా కదలి అరుణగిరి శిఖరం వైపు వెళ్ళడం చాలామంది చూశారు. ఆయన సమాధిపై వెలసిన లింగానికి రమణేశ్వర మహాలింగమని పేరు. బారసాల నాటి వేంకటేశ్వరన్‌లోని ఈశ్వర శబ్దం, బడిలో పోయినది, అలా తిరిగి వచ్చి చేరింది.

అరుణాచలం వెళ్ళే తెలుగువారు గిరిప్రదక్షిణ చేసి, ఆశ్రమం చూసి తిరిగి వస్తారు. వీలైతే మధుర మీనాక్షి ఆలయానికి దగ్గరలో, మహర్షికి ఆత్మానుభవం కలిగిన ఇంటిని కూడా దర్శించండి. దానిని రమణ మందిరం అంటారు. ఇంకొంచెం దక్షిణానికి పోగలిగితే తిరుచ్చుళిలో, భూమినాథేశ్వరుని గుడి దగ్గర, ఆయన పుట్టిన ఇల్లు ఉంది. ఆశ్రమం వారు నిత్యపూజలు జరిపించే ఆ ఇంటికి మహర్షి పేరు పెట్టలేదు. తండ్రి సుందరం అయ్యర్ పేరున దానిని సుందర మందిరం అని పిలుస్తున్నారు.